సింగపూర్ వెళ్ళే ముందు ఇది ఒకసారి చదువు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో మీ ఆరుగురూ సింగపూర్ వెళ్తున్నారని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టికెట్లు, హోటలు అన్నీ నువ్వే చూస్తున్నావట, రాత్రి పన్నెండు దాకా లాప్‌టాప్ ముందే ఉంటున్నావట. రెండేళ్ళ కిందట మేమూ అదే ఊరు వెళ్ళొచ్చాం కదా, నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను.

ముందు కాగితాల సంగతి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మీ మామగారిది ఎప్పుడో తీసుకున్నది, ఇవాళే తీసి చూడు. వీసా కాక, అక్కడ దిగే ముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది అక్కడి ప్రభుత్వ సైటులో ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే వెంటనే మూసెయ్యి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, పచ్చళ్ళు పెద్ద బ్యాగులో వెయ్యాలి. ఇంకో ముఖ్యమైన మాట: గసగసాలు అక్కడ నిషేధం. విడిగా ఎవరూ పట్టుకెళ్ళరులే, కానీ మీ అత్తగారు కొట్టే మసాలా పొడిలో అవి ఉంటాయి. ఆ డబ్బా ఇంట్లోనే వదిలెయ్యండి.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. అన్నీ నీ నెత్తిన వేసుకోకు తల్లీ.

ఇంట్లో ఎవరి పని ఏమిటో ఎప్పుడో ఖాయమైపోయి ఉంటుంది. మా ఇంట్లో దారి చెప్పేది, డబ్బు చూసేది మీ పెదనాన్న. వంటిల్లు నాది. పిల్లకి ఏమీ తెలియదని అందరం అనుకునేవాళ్ళం. అక్కడ దిగాక మెట్రో మ్యాపు ముందు నిలబడితే మీ పెదనాన్నకీ అర్థం కాలేదు, అన్నయ్యకీ అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళ పాప ముందుకొచ్చి మ్యాపు మీద వేలు పెట్టి, "తాతయ్యా, మనం ఎర్ర లైనులో ఉన్నాం, ధోబీ ఘాట్‌లో దిగి ఊదారంగు లైను ఎక్కితే లిటిల్ ఇండియా" అంది. అంతే, ఆ రోజు నుంచి దారి దానిదే. రైల్లో మీ పెదనాన్న నీళ్ళ సీసా మూత తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అక్కడ రైల్లో మంచినీళ్ళు తాగినా తప్పే, 500 డాలర్ల దాకా జరిమానా. గోడ మీద బోర్డు అది చదివింది, మేమెవరం చూడలేదు. మీ పెదనాన్న మారు మాట్లాడకుండా సీసా సంచిలో పెట్టేశారు. ఆయన ఒక చిన్నపిల్ల మాట అలా వినడం నేను చూడటం అదే మొదటిసారి.

అందుకే మీ పెద్దవాడికి మ్యాపు ఇచ్చెయ్. ఒకసారి తప్పు స్టేషన్లో దిగినా ఏమీ అనకు, వెనక్కి రైలు కొద్ది నిమిషాల్లోనే వస్తుంది. రోజు ఖర్చు రాసే పని మీ మామగారికి ఇవ్వు, ఆయన సంతోషంగా చేస్తారు.

హాకర్ సెంటర్లని ఉంటాయి, చవగ్గా తినే చోట్లు. తిన్నాక ఎవరి ట్రే వాళ్ళే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి అది రూలు. మా పెళ్ళయి నలభై రెండేళ్ళు, మీ పెదనాన్న తిన్న కంచం తీయడం నేనెన్నడూ చూడలేదు. అక్కడ చుట్టూ తెల్లజుట్టు ముసలివాళ్ళందరూ తీస్తుంటే ఆయనా ట్రే ఎత్తారు. గిన్నెలో మిగిలిన పులుసు ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని మెల్లగా నడిచారు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

మూడో రోజు మాత్రం మేం తప్పు చేశాం. పొద్దున పక్షుల పార్కు, మధ్యాహ్నం సెంటోసా దీవి, సాయంత్రం గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట. ఒకటి ఊరికి ఆ కొసన, ఇంకొకటి ఈ కొసన. మధ్యాహ్నానికే నా మోకాళ్ళు పట్టేశాయి. పిల్లల సరదా ఎందుకు పాడుచెయ్యాలని చెప్పలేదు. ఆ తోటలో 7.45కి లైట్ల షో తప్పిపోతుందని అన్నయ్య తొందర పెడుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. వాడికి కోపం వచ్చింది, "ముందే చెప్పొచ్చు కదమ్మా" అని. వాడన్నది నిజం. మీ అత్తగారు కూడా నాలాగే దాచుకునే మనిషి. మధ్యాహ్నం ఒకసారి నువ్వే అడుగు, "కాళ్ళు ఎలా ఉన్నాయి అత్తయ్యా" అని. రోజుకి ఒక్క చోటు చాలు.

మర్నాడు జూ మానేసి బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్ళాం. 1859 నాటి తోట, లోపలికి టికెట్ లేదు, ఆర్కిడ్ల తోటకి మాత్రం ఉంది. పెద్ద చెట్టు కింద బెంచీ మీద నేనూ మీ వదినా కూర్చున్నాం. హోటల్లో నాలుగు రోజులుగా టిఫిన్‌కి ఇడ్లీ పెడుతున్నా తను ముట్టడం లేదని గమనించి, ఒంట్లో బాగాలేదా అని అడిగాను. కాసేపు ఊరుకుని, "నాకు పొద్దున్నే ఇడ్లీ పడదత్తయ్యా. తెనాలిలో మా అమ్మ పెరుగన్నం పెట్టేది" అంది. పదకొండేళ్ళుగా నేను ఇడ్లీ పెడుతూనే ఉన్నాను, తను తింటూనే ఉంది. ఆ మాట చెప్పడానికి బ్రాడీపేట నుంచి అంత దూరం వెళ్ళాల్సొచ్చింది. ఏ పనీ లేకుండా ఇద్దరం ఒకచోట కూర్చుంది అక్కడే మరి.

కాబట్టి నీ ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా వదిలెయ్యి. ఆ రోజు ఏం చూడాలని ఎవరడిగినా చెప్పకు.

జనవరిలో అక్కడ వానలుంటాయి, గొడుగులు మర్చిపోవద్దు. మీ అత్తగారి మందులకి డాక్టరు చీటీ దగ్గర పెట్టుకో. వచ్చే ఆదివారం విజయవాడ వస్తున్నాను, గోంగూర పచ్చడి రెండు చిన్న డబ్బాల్లో గట్టిగా మూతపెట్టి తెస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ