ఫాల్టీ టవర్స్ కథ తెలిసినా మళ్లీ చూస్తే నవ్వెందుకు వస్తుంది?

జరగబోయేది మనకు తెలుసు, పాపం హోటల్ యజమాని బేసిల్‌కి తెలియదు. రెండోసారి నవ్వు అక్కడే పుడుతుంది. 1975, 1979లో బీబీసీలో వచ్చిన ఈ సిట్‌కామ్‌కి ఉన్నవి 12 ఎపిసోడ్లే. చాలావాటిలో చిన్న అబద్ధం పెరిగి పెరిగి బేసిల్ మెడకే చుట్టుకుంటుంది. ఒక ఎపిసోడ్‌లో గుర్రప్పందెంలో గెలిచిన డబ్బు భార్య సిబిల్ కంట పడకూడదని హోటల్లోనే ఉండే ముసలి అతిథి మేజర్‌కి ఇచ్చి దాచమంటాడు. మేజర్‌కేమో మహా మతిమరుపు! మొదటిసారి ఆ సీన్ మామూలుగా దాటిపోతుంది. మళ్లీ చూసేటప్పుడు నోట్లు చేతులు మారుతుండగానే నవ్వాగదు. ఇదంతా బేసిల్‌గా నటించిన జాన్ క్లీస్ అప్పటికప్పుడు చేసేసిన అల్లరి అనుకుంటారు చాలామంది. కాదు, కోనీ బూత్‌తో కలిసి ఆయన ఎంతో ఓపిగ్గా రాసుకున్న స్క్రిప్ట్ అది.