పిల్లలతో వీడియో ప్రాజెక్టులు చేయిస్తే ఇంగ్లీష్ మాట్లాడటం వస్తుందా?

వస్తుంది. కానీ మనం రాసిచ్చిన కాగితం చూసి చదివితే రాదు. యాదాద్రి భువనగిరి జిల్లాలో, చేనేత కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్లో, ప్రభుత్వ హైస్కూల్లో పదకొండేళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను. అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

మూడేళ్ల కిందట తొమ్మిదో తరగతి వాళ్లకు ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో మార్కులిచ్చే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుగా చార్టు బదులు రెండు నిమిషాల వీడియో ఇచ్చాను. మీ ఇంట్లో జరిగే పని ఏదైనా ఇంగ్లీష్‌లో చెప్పాలి. కాగితం చూడొద్దు, మ్యూజిక్ పెట్టొద్దు, ఎడిటింగ్ వద్దు.

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. అటెండెన్స్‌కు పలకడం తప్ప ఏడాదంతా నోరు విప్పలేదు. ఇంట్లో ఒకటే ఫోన్, అదీ నాన్న మగ్గం దిగాక రాత్రి పూట దొరికేది. ఒకరోజు పొద్దున్నే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "చిటికిని ఇంగ్లీష్‌లో ఏమంటారు మేడం?" అని అడిగింది. చిటికి అంటే నేసే ముందే నూలును అక్కడక్కడ కట్టి రంగులద్దడం. ఇక్కత్ అని రాస్తారు, అదీ ఇంగ్లీష్ మాట కాదు, మలయ్ నుంచి వచ్చింది, కట్టడం అని అర్థం అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నేను చిటికి అనే అంటా మేడం" అంది.

వీడియోలో ఆసు యంత్రం (చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టేది) టకటకలాడుతోంది. పక్కన నానమ్మ. ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని కెమెరా ముందుకు తెచ్చి, "బిఫోర్ మెషిన్, మై గ్రాండ్‌మదర్ హ్యాండ్ గో అండ్ కమ్, గో అండ్ కమ్. వన్ శారీ, నైన్ థౌజండ్ టైమ్స్. షోల్డర్ పెయిన్" అని చెప్పింది. ఆ యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారిది మా జిల్లానే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి కూడా తన మాటల్లోనే చెప్పింది.

ఎన్నిసార్లు తీశావని అడిగితే "పదిహేడు సార్లు మేడం, బాగా రానివన్నీ డిలీట్ చేశా" అంది. అసలు లాభం అక్కడే ఉంది. నాకు చేరింది రెండు నిమిషాలే, వెనుక అరగంటకు పైగా మాట్లాడింది. 42 మంది ఉన్న క్లాసులో 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి మహా అయితే ఒక్క నిమిషం వస్తుంది. పైగా తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు చుట్టూ ఉంటారు. ఫోన్ నవ్వదు. పిల్ల తన గొంతు తాను విని, బాగోలేదనిపిస్తే మళ్లీ మొదలుపెట్టుకుంటుంది.

ఫోన్ లేని పిల్లలను నలుగురికి ఒక ఫోన్ చొప్పున కలపండి. వీడియోలను దయచేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఒకసారి మా దగ్గర ఎవరో పెడితే ఒక అబ్బాయిని ఊరంతా వెక్కిరించారు. వాడు మళ్లీ మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. వార్షికోత్సవాల్లో బట్టీపట్టిన స్పీచ్ అప్పజెప్పిస్తారే, అదన్నా నాకు ఒళ్లుమంట. ఆ పిల్లల్ని స్టేజీ దిగాక నీళ్లు కావాలని ఇంగ్లీష్‌లో అడగమనండి, అడగలేరు.

తనిఖీకి వచ్చిన ఒక అధికారి ప్రాజెక్టు చార్టులు ఏవని అడిగారు. ఫోన్ తీసి ఈ వీడియో పెట్టాను. సగంలోనే ఆపి, "టెన్సులన్నీ తప్పులే కదమ్మా" అన్నారు. "నానమ్మకు ఎందుకు భుజం నొప్పో మీకు అర్థమైందా సార్?" అని అడిగాను. అర్థమైందన్నారు.