శాస్త్రీయమా, ప్రాచీనమా, సంప్రదాయమా?

సందేహం: ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. మాకు ‘క్లాసికల్ సోషియలాజికల్ థియరీ’ ఒక పేపరు, ‘కాంటెంపరరీ’ ఇంకో పేపరు. తెలుగులో నోట్సు రాసుకుంటూ మొదటిదాన్ని ‘శాస్త్రీయ సిద్ధాంతం’ అన్నాను. నా స్నేహితురాలు ‘ప్రాచీన’ అనాలంటోంది. గైడులో ‘సాంప్రదాయ’ అని ఉంది. ఏది ఒప్పు?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: ముందు మీ గైడు సంగతి. సంప్రదాయం ఉంది, సాంప్రదాయికం ఉంది. ‘సాంప్రదాయం’ ఎక్కడిది? టీవీ యాంకర్ల నుంచి పెళ్లి శుభలేఖల దాకా అందరూ ఆ దీర్ఘం తీస్తున్నారు. దానివల్ల మార్కులు పోవు గానీ, మీరు తీయకండి.

‘శాస్త్రీయ’ మాటలో రెండు కాపురాలున్నాయి. శాస్త్రీయ సంగీతం ఒకటి, శాస్త్రీయ దృక్పథం ఇంకొకటి. సంగీతంలో చిక్కు లేదు. త్యాగరాజ కీర్తనను ల్యాబులో పరీక్షించారని ఎవరూ అనుకోరు. మీ సబ్జెక్టులో మాత్రం కొంప మునుగుతుంది. సమాజాన్ని సైన్సులాగా చదవవచ్చా అన్నదే అక్కడ మొదటి తగువు. మన పాఠ్యపుస్తకాలు ‘కామ్టే’ని చేసిన ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంత్ 1839లో సోషియాలజీ అన్న పేరు వాడకముందు దాన్ని సోషల్ ఫిజిక్స్ అనేవాడు. సామాజిక వాస్తవాలను వస్తువుల్లా చూడమని ఫ్రెంచి సోషియాలజిస్టు దుర్ఖైమ్ 1895లో రాశాడు. మనిషి తన పనికి ఇచ్చుకునే అర్థం పట్టుకోవాలని జర్మన్ సోషియాలజిస్టు వెబర్ అన్నాడు. ఈ ముగ్గురి మీదా ‘శాస్త్రీయ’ అని బోర్డు తగిలిస్తే, తగువులో మీరే తీర్పు చెప్పేసినట్టు.

‘ప్రాచీన’ కూడా కుదరదు. 2008లో మన భాషకు వచ్చిన ‘క్లాసికల్ లాంగ్వేజ్’ హోదాను ‘ప్రాచీన భాష’ అని పిలుచుకున్నాం, అలవాటైపోయింది. కానీ వెబర్ పోయింది 1920లో. 1915లో పోయిన గురజాడ మనకు ఆధునికుడు. ఆయన తర్వాత పోయినవాడు ప్రాచీనుడు ఎలా అవుతాడు?

అసలు ఆ ‘క్లాసికల్’ ఎక్కడ పుట్టిందో చూస్తే మీకు వినోదంగా ఉంటుంది. నాకైతే పండగే. రెండో శతాబ్దపు రోమ్‌లో ఔలస్ గెల్లియస్ అని ఒకాయన, విన్నవీ చదివినవీ పుస్తకంగా రాసుకున్నాడు. అందులో ఒకచోట వ్యాకరణ సందేహం వస్తుంది. ఏమిటా సందేహం? ఇసుకకు బహువచనం ఉందా అని! మనం ఇసుకను ఏకవచనంలోనే ఉంచి, పాలూ నీళ్లూ వడ్లూ బహువచనానికి అప్పగించి నిశ్చింతగా ఉన్నాం. వాళ్లకు పెద్ద చర్చే అయింది. జూలియస్ సీజర్ వ్యాకరణ గ్రంథాన్ని కూడా మధ్యలోకి లాగారు. చివరికి ఫ్రోంటో అనే పండితుడు, పాతవాళ్లలో ఎవరైనా అలా వాడారేమో వెతకండి అంటాడు. ఎలాంటివాడు వాడి ఉండాలి? ‘క్లాసికస్’ అయిన రచయిత, ‘ప్రోలెటారియస్’ కాదు. అంటే ఆ మాట రచయితలకు అంటుకున్నది ఇదిగో ఇలాంటి సందేహాలు–సమాధానాల మధ్యనే.

ఈ రెండూ అంతకుముందు పన్నుల లెక్కలోని మాటలు. రోమన్లు పౌరులను ఆస్తినిబట్టి తరగతులు చేశారు. 1,25,000 ఆస్‌ల (ఆస్ అంటే రోమన్ నాణెం) ఆస్తి ఉన్న మొదటి తరగతివాళ్లు క్లాసికులు అని గెల్లియస్సే ఇంకోచోట చెబుతాడు. రాజ్యానికి పిల్లలను తప్ప ఇచ్చుకోవడానికేమీ లేనివాళ్లు ప్రోలెటారియన్లు. లాటిన్‌లో ‘ప్రోలెస్’ అంటే సంతానం.

ఇప్పుడు మీ సిలబస్ తెరవండి. క్లాసికల్ పేపరులో మొదటి యూనిట్లలోనే మార్క్స్ ఉంటాడు. జీవితమంతా ప్రోలెటారియట్, అంటే శ్రామికుల, పక్షాన రాసినవాణ్ణి తీసుకెళ్లి క్లాసికస్ బెంచీ మీద కూర్చోబెట్టారు! మన సినిమా అభిమాని ‘అది క్లాస్ పాట, ఇది మాస్ పాట’ అంటాడే, అతనికి లాటిన్ రాదు గానీ ఫ్రోంటో అన్నదే అంటున్నాడు. అతన్ని వెక్కిరించే పెద్దమనుషులు ఇది గమనించాలి.

ఆ బెంచీ మీద ఎవరు కూర్చోవాలన్నదీ తర్వాతివాళ్లు తేల్చిందే. మన పంచకావ్యాల జాబితా కూడా అందరి నోటా ఒకేలా ఉండదు కదా. అమెరికన్ సోషియాలజిస్టు టాల్కాట్ పార్సన్స్ 1937 నాటి తన పెద్ద పుస్తకంలో దుర్ఖైమ్, వెబర్‌లతో పాటు ఆర్థికవేత్తలు పరేటోను, మార్షల్‌ను ఎత్తుకున్నాడు, మార్క్స్‌కు ఆ పీట వేయలేదు. ఫిలడెల్ఫియాలోని నల్లవారి మీద 1899లోనే పుస్తకం రాసిన నల్లజాతి సోషియాలజిస్టు డుబోయిస్‌కు పీట దొరకడానికి చాలాకాలం పట్టింది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ ఒక పత్రం చదివాడు. కులమంటే తలుపులు మూసుకున్న వర్గం అన్నాడు. వెబర్ అప్పటికి బతికే ఉన్నాడు. అంబేడ్కర్ మీ క్లాసికల్ పేపరులో ఉన్నాడా? లేకపోతే మీ మాస్టారిని అడగండి.

అన్నట్టు ‘క్లాస్’కి తెలుగు రెండు మాటలు పెట్టుకుంది. శ్రామికవర్గం అంటాం, మధ్యతరగతి అంటాం. అటు ఇటు మార్చి అనం. ఎందుకో మీరే ఒక సెమినార్ పేపరు రాయవచ్చు.

ఇంతకీ ఏది రాయాలి? నన్నడిగితే ‘సంప్రదాయ సిద్ధాంతం’ అంటాను. సం–ప్ర–దా, అంటే చక్కగా అప్పగించడం. వ్యాకరణంలో చతుర్థీ విభక్తిని సంప్రదానం అన్నదీ ఇందుకే. గురువు శిష్యుడికి అప్పగించేది కాబట్టి క్లాసురూముకు సరిపోతుంది. అయితే ఇవాళ సంప్రదాయం అనగానే పట్టుచీర గుర్తొస్తుంది. ‘సంప్రదాయ మార్క్స్’ అంటే ఆయన గడ్డం పీక్కుంటాడు. అది ఇబ్బందనుకుంటే ‘క్లాసికల్’ అనే ఉంచండి, నాకేమీ కోపం లేదు. ‘శాస్త్రీయ’ మాత్రం కొట్టేయండి.

‘కాంటెంపరరీ’ని ‘సమకాలీన’ అంటున్నారు. ఎవరికి సమకాలీనం? శ్రీనాథుడికి పోతన సమకాలీనుడు అంటే అర్థముంది. 1984లో పోయిన ఫూకో, 2002లో పోయిన బోర్దియూ అనే ఫ్రెంచి ఆలోచనాపరులు ఇవాళ ఎం.ఏ.లో చేరిన పిల్లలకు సమకాలీనులట! ‘ఇటీవలి’ అనండి.

థియరీని సిద్ధాంతం అనవచ్చా అని మీరు అడగలేదు. గ్రీకులో థియరీ అంటే చూడటం, మన సిద్ధాంతం అంటే తేలిపోయిన సంగతి. అడిగి ఉంటే ఇంకో రెండు పేజీలు అయ్యేవి.