కంట్రోల్ రూమ్ తెర ముందు కూర్చునే మనిషికి ఏమనిపించాలి?

ప్రశ్న: నేను ఒక ఆటోమేషన్ సంస్థలో డిజైనర్‌ని. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రానికి కొత్త కంట్రోల్ రూమ్ తెరలు తయారు చేస్తున్నాం. ముందుగా యూజర్ ఎక్స్‌పీరియన్స్ లక్ష్యాలు, అంటే తెర వాడేవాళ్లకు ఏమనిపించాలన్నది, రాసిమ్మన్నారు. ‘సులువుగా, ఆకర్షణీయంగా, వాడటానికి హాయిగా ఉండాలి’ అని రాశాను. అక్కడి షిఫ్ట్ ఇన్‌చార్జి చదివి, ‘ఇది ఫోనుకైనా సరిపోతుంది కదమ్మా’ అన్నారు. పరిశ్రమల్లో ఇలాంటి లక్ష్యాలు అసలు అవసరమా? అవసరమైతే ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవసరమేనమ్మా, ఫోనుకన్నా ఎక్కువ అవసరం. ఫోను నచ్చకపోతే మార్చేస్తాం. డెస్కు ముందు కూర్చునే ఆపరేటరుకు ఆ వీలు లేదు. మీరిచ్చిన తెరతోనే ఏళ్ల తరబడి షిఫ్టులు చేయాలి. నేను థర్మల్ కేంద్రాల కంట్రోల్ రూముల్లో పనిచేసి రిటైరైనవాణ్ని, అందుకే మీ ఉత్తరం చూడగానే జవాబు రాయాలనిపించింది.

మీ లక్ష్యాల్లో మనిషి లేడు, సందర్భం లేదు. ఎవరికి, ఏ సమయంలో, ఏమనిపించాలో చెప్పని వాక్యం తెర గీసేవాళ్లకు ఏ నిర్ణయంలోనూ అక్కరకు రాదు.

బాయిలర్ డ్రమ్‌లో, అంటే నీరూ ఆవిరీ వేరుపడే పెద్ద తొట్టిలో, నీటిమట్టాన్నే తీసుకోండి. లోడు, అంటే కేంద్రం ఇవ్వాల్సిన కరెంటు, ఒక్కసారిగా పెరిగితే టర్బైన్ ఎక్కువ ఆవిరి లాగుతుంది. డ్రమ్‌లో పీడనం తగ్గి, నీటిలోని ఆవిరి బుడగలు ఉబ్బుతాయి. నిజానికి నీరు తరుగుతున్నా, మీటరులో మట్టం కాసేపు పెరిగినట్టే కనిపిస్తుంది. ఆ ఒక్క అంకె చూసి కంగారుపడి ఫీడ్ వాటర్ (డ్రమ్‌లోకి పంపే నీరు) తగ్గిస్తే, కాసేపటికి మట్టం నిజంగానే పడిపోయి బాయిలర్ ట్రిప్ అవుతుంది, అంటే రక్షణ కోసం దానంతటదే ఆగిపోతుంది. చేయి తిరిగిన ఆపరేటరు మట్టంతో పాటు ఆవిరి ప్రవాహాన్నీ, ఫీడ్ వాటర్ ప్రవాహాన్నీ కలిపి చూస్తాడు. ఇప్పుడు లక్ష్యం ఇలా రాయండి: ‘లోడు మారుతున్నప్పుడు, సి షిఫ్టులో (రాత్రి షిఫ్టులో) డెస్కు చూస్తున్న కొత్త ఆపరేటరుకు మట్టం ఎటు పోబోతోందో తనకు తెలుసన్న ధీమా ఉండాలి.’ ఇలా రాశాక తెర ఎలా ఉండాలన్న దానిలో సగం తేలిపోతుంది. మూడు ట్రెండ్లూ (అంకె కాలంతో ఎలా మారుతోందో చూపే గీతలు) ఒకే కాలరేఖ మీద, ఒకే చోట కనిపించాలి. ఒక్కోదానికి ఒక్కో పేజీ తిప్పాల్సి వస్తే లక్ష్యం తప్పినట్టే.

ధీమా అన్నాను గానీ, దానికి ఆధారం నిజం కావాలి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వ్ (పీడనం ఎక్కువైతే వదిలేసే కవాటం) తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. మూసుకోమని ఆదేశం వెళ్లిందన్నంత వరకే ఆ దీపానికి తెలుసు. ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందనుకున్నారు. రెండు గంటలకు పైగా రియాక్టరును చల్లబరిచే నీరు పోతూనే ఉంది, కోర్‌లో (అణు ఇంధనం ఉండే భాగంలో) దాదాపు సగం కరిగిపోయింది. అందుకని ‘తెర మీద చూసినదాన్ని, ఫీల్డుకు (యంత్రాల దగ్గరున్నవాళ్లకు) ఫోను చేసి అడగకుండానే నమ్మగలగాలి’ అన్నది మీ రెండో లక్ష్యం కావాలి. ఇచ్చిన ఆదేశాన్ని వేరుగా, లిమిట్ స్విచ్ (వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో చెప్పే స్విచ్) చెప్పిన స్థితిని వేరుగా చూపండి. రెండూ కలవనప్పుడు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. ట్రాన్స్‌మిటర్ (కొలతను తెరకు పంపే పరికరం) చెడిపోతే, పాత అంకెనే మామూలు రంగులో నిలబెట్టి ఉంచడం ఘోరం.

అలారాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. అంత వరదలో ఎవరైనా చదవడం మానేసి, మోత ఆపే బటన్ నొక్కుతూ పోతారు. ‘ట్రిప్ అయిన మొదటి నిమిషంలో ముందుగా ఏం చేయాలో వెతుక్కునే పని ఉండకూడదు’ అని రాసుకుంటే, ఏ అలారం ఉంచాలో ఏది తీసేయాలో తేల్చడానికి మీకు ఒక కొలత దొరుకుతుంది.

ఇలాంటివి మూడో నాలుగో చాలు. వీటిని మేనేజర్ల సమావేశంలో అడిగి తెలుసుకోలేరు. రెండు మూడు రాత్రులు సి షిఫ్టులో డెస్కు పక్కన కూర్చోండి. ‘మీకేం కావాలి?’ అని అడిగితే ‘అంతా బాగానే ఉంది మేడమ్’ అంటారు. ‘మీరు బాగా భయపడ్డ రాత్రి దేనికోసం వెతికారు?’ అని అడగండి. కొత్త తెరల వల్ల ఏం పోతుందో కూడా అడగండి. పాత రోజుల్లో గోడ పొడవునా ఉన్న ప్యానెల్ మీద ఒక్క చూపులో యూనిట్ మొత్తం కనిపించేది. తెరలు వచ్చాక పేజీ పేజీగా చూడాల్సి వచ్చింది. ఆ ఒక్క చూపును తిరిగి ఇవ్వడమే ఒక లక్ష్యం కావచ్చు.

ప్రతి లక్ష్యం పక్కన దాన్ని ఎలా పరీక్షిస్తారో రాయండి. సిమ్యులేటర్‌లో లోడు మార్చండి, మధ్యలో ఆపి తెర మూసేయండి, ‘మట్టం ఇప్పుడు ఎటు పోతోంది?’ అని ఆపరేటరును అడగండి. జవాబు తప్పితే, శిక్షణ చాలలేదని నివేదికలో రాయకముందు తెర మార్చి మళ్లీ అడగండి.