క్వాడ్ బైకు వెనక చక్రం ఊగుతోంది: బేరింగా, ఇంకేదైనానా?

మీరు అడిగింది ఇదీ: శంకర్‌పల్లి దగ్గర ఫామ్‌హౌస్‌లో పాత 250 సీసీ చైన్ క్వాడ్ ఉంది. వెనక చక్రం పట్టుకుని ఊపితే టక్ టక్ అంటోంది. మలుపుల్లో వెనక భాగం పక్కకి జారుతోంది. మెకానిక్ చూసి, యాక్సిల్ సెట్టు మొత్తం మార్చాలన్నాడు. నిజంగా బేరింగులేనా, ఎలా తెలుసుకోవాలి?

మొయినాబాద్ వైపు మా బాబాయికి చిన్న రిసార్ట్ ఉంది. అక్కడి క్వాడ్‌ల రిపేర్లు చాలాకాలంగా నా నెత్తినే ఉన్నాయి, అందుకే రాస్తున్నాను. యాక్సిల్ సెట్టుకి అప్పుడే డబ్బులు ఇవ్వకండి. ఆ టక్ టక్ బేరింగుల నుంచే రావాలని లేదు. హబ్బు (చక్రాన్ని యాక్సిల్ చివర పట్టి ఉంచే ముక్క) లూజైనా, యాక్సిల్ లాక్‌నట్లు వదులైనా, స్వింగార్మ్ (వెనక యాక్సిల్‌ని మోస్తూ పైకీ కిందకీ ఊగే చెయ్యి) ముందు కీలు, అంటే పివట్, అరిగినా చక్రం అచ్చం అలాగే ఊగుతుంది. ఏ రెండు భాగాల మధ్య కదలిక ఉందో కంటితో చూస్తే తప్ప తేలదు.

ముందు జారడం సంగతి. దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఇలాంటి చైన్ క్వాడ్‌లో వెనక ఒకటే గట్టి యాక్సిల్, రెండు చక్రాలనీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి కాబట్టి ఏదో ఒక టైరు కాస్త జారక తప్పదు. కొత్త బండి అయినా అంతే. అసలు పట్టించుకోవాల్సింది ఆ శబ్దాన్ని.

ఆ యాక్సిల్ స్వింగార్మ్ చివర ఉండే క్యారియర్ లోంచి వెళ్తుంది. క్యారియర్ లోపల రెండు పక్కలా రెండు బేరింగులు, బయట స్ప్రాకెట్టు, బ్రేక్ డిస్కు, చివర్లలో పళ్ళ మీద కూర్చున్న హబ్బులు. ఈ అమరిక తెలిస్తే సగం పని అయినట్టే.

బండిని గట్టి నేల మీద పెట్టి, ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టండి. జాకీని స్వింగార్మ్ కింద కాకుండా ఫ్రేమ్ కింద పెట్టి వెనక రెండు చక్రాలూ గాల్లోకి లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఫ్రేమ్ కింద చెక్క దిమ్మలు కూడా పెట్టండి. ఇంజను ఆఫ్, గేరు న్యూట్రల్, పార్కింగ్ బ్రేకు వదిలేయాలి. ఇది చాలామంది మరిచిపోతారు. ప్యాడ్లు డిస్కుని పట్టుకుని ఉంటే యాక్సిల్ ఆట, అంటే వదులు వల్ల వచ్చే కదలిక, కొంత దాక్కుంటుంది.

ఇప్పుడు ఒకరు ఎడమ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. టైరుని కాదు, రిమ్ముని పట్టుకోమనండి. ఈ టైర్లలో గాలి నాలుగైదు పీఎస్ఐ మాత్రమే ఉంటుంది, రబ్బరు మెత్తగా వంగి మోసం చేస్తుంది. ఇంకొకరు వెనక కూర్చుని టార్చ్ వేసి, యాక్సిల్ క్యారియర్ లోంచి బయటికి వచ్చే చోటు చూడాలి. కంటికి అందకపోతే వేలు సగం క్యారియర్ మీద, సగం యాక్సిల్ మీద ఆనించండి. ఇంత చిన్న కదలికని పట్టడంలో కన్ను కన్నా వేలే నయం.

క్యారియర్ కదలకుండా యాక్సిల్ మాత్రం లోపల ఆడుతుంటే బేరింగు పోయినట్టే. అప్పుడు కుడి చక్రం కూడా కదులుతుంది, ఎందుకంటే రెండూ ఒకే కడ్డీకి ఉన్నాయి. ఎడమ చక్రం ఊగుతున్నా యాక్సిల్ నిశ్చలంగా ఉందంటే తప్పు హబ్బుది. నట్టు వదులై ఉండాలి, లేదా హబ్బు పళ్ళు అరిగి ఉండాలి. నట్టు బిగించినా ఆట పోకపోతే హబ్బు మార్చాలి. అది యాక్సిల్ కన్నా చాలా తక్కువ ఖర్చు.

తర్వాత చక్రాన్ని పక్కకి లాగి తోయండి. యాక్సిల్ మొత్తం అటూ ఇటూ జరిగి ఠక్కున ఆగుతుంటే లాక్‌నట్ల మీద అనుమానం పెట్టుకోండి. చాలా మోడళ్ళలో ఇవి ఒకదాని మీద ఒకటి బిగించే జంట నట్లు. మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి బిగించి, మొదటి పరీక్ష మళ్ళీ చేయండి. స్వింగార్మ్ కోసమైతే చక్రాన్ని వదిలేసి స్వింగార్మ్‌నే పట్టుకుని పక్కలకి కుదపాలి, ముందున్న పివట్ దగ్గర చూడాలి.

ఇంకొక చిక్కు ఉంది. యాక్సిల్ వంగితే బండి నడుస్తున్నప్పుడు చక్రం మెలికలు తిరుగుతుంది, కానీ చేత్తో ఊపితే ఏ ఆటా ఉండదు. దాన్ని పట్టాలంటే ఒక తీగ ముక్కని యాక్సిల్‌కి దగ్గరగా కదలకుండా కట్టి చక్రం తిప్పండి. మధ్య సందు ప్రతి చుట్టుకీ పెరిగి తగ్గుతుంటే యాక్సిల్ వంకర. చైన్ ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉన్నా యాక్సిల్‌నీ స్ప్రాకెట్‌నీ అనుమానించాలి.

చివరగా చైన్ తీసేసి నెమ్మదిగా చేత్తో తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగర తగిలితే, ఆట పెద్దగా లేకపోయినా బేరింగు బతుకు అయిపోయినట్టే. క్యారియర్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. సీలు చుట్టూ తుప్పు రంగు చార ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయని అర్థం. మా దగ్గర బేరింగులు ఎక్కువగా పోయేది గుంతల వల్ల కాదు, కడగడం వల్ల. బురద వదలడం లేదని కుర్రాళ్ళు ప్రెషర్ గన్‌ని నేరుగా సీలు మీదకే కొడతారు. గన్ దాచేసి మామూలు పైపు ఇచ్చాక నాకు పని బాగా తగ్గింది.

బేరింగులే అని తేలితే పాతవి ఊడదీసి, నంబరు చూసుకుని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్ళండి. బండి కంపెనీ స్పేర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. చాలా క్వాడ్‌లలో ఉండేవి మామూలు సైజు బాల్ బేరింగులే. ఉదాహరణకి 6006 అంటే లోపలి బెజ్జం 30 మి.మీ., బయటి వ్యాసం 55, మందం 13. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో ఈ మూడూ కొలుచుకుంటే చాలు. రెండు పక్కలా రబ్బరు సీలు ఉండే 2ఆర్ఎస్ రకమే అడగండి. జెడ్‌జెడ్ అని రేకు మూతతో ఉండేవి బురదకి ఆగవు. రెండు బేరింగులూ, సీళ్ళూ కలిపే మార్చండి. ఒకటే మారిస్తే కొన్నాళ్ళకే మళ్ళీ అదే పని పడొచ్చు.

విప్పినప్పుడు రెండు చోట్ల జాగ్రత్తగా చూడండి. యాక్సిల్ మీద బేరింగు కూర్చునే చోట గోరు తగిలేంత గాడి పడి ఉంటే మీ మెకానిక్ మాట నిజమే, యాక్సిల్ మార్చాల్సిందే. కొత్త బేరింగు క్యారియర్‌లోకి సుత్తీ ప్రెస్సూ లేకుండా చేత్తోనే జారిపోతుంటే క్యారియర్ అరిగింది. బాలానగర్‌లో మంచి లేత్ వర్క్‌షాపుకి తీసుకెళ్తే బోరు చేసి లోపల స్లీవ్ (సరైన సైజు గొట్టం) వేస్తారు. లేదంటే క్యారియర్ మార్చుకోవాలి. ఆ రెండూ వదిలేసి బేరింగు మాత్రం వేస్తే ఆట మళ్ళీ వస్తుంది.

బేరింగుని క్యారియర్‌లోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి, లోపలి రింగు మీద కొడితే గుండ్లు తిరిగే దారి పాడవుతుంది. మీ మోడల్లో రెండు బేరింగుల మధ్య స్పేసర్ గొట్టం ఉంటే దాన్ని తిరిగి పెట్టడం మరవకండి. అది లేకుండా నట్టు బిగిస్తే బేరింగులు పక్క నుంచి నలుగుతాయి.

అప్పటిదాకా పిల్లల్ని ఎక్కనివ్వకండి. ఆట పెరిగితే చైన్ స్ప్రాకెట్ మీంచి జారిపోవచ్చు, డిస్కు క్యాలిపర్‌కి రాసుకోవచ్చు. కొత్తవి వేశాక పొలంలోనే కాసేపు నడిపి, ఆపగానే క్యారియర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఇక నడపకుండా విప్పి స్పేసర్, నట్ల బిగింపు మళ్ళీ చూసుకోండి.