దుభాషిగా చిన్నపిల్ల వద్దు

ప్రశ్న: నాలుగు నెలల క్రితం దేవరకొండ దగ్గర ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్‌గా చేరాను. మాది నల్లగొండ. కేంద్రానికి పద్దెనిమిది మంది పిల్లలు వస్తారు, ఏది అడిగినా నోరు విప్పరు. ‘ఇక్కడి పిల్లలు మందకొడి’ అని నాకంటే ముందున్న టీచర్ చెప్పారు. తల్లులకు తెలుగు వచ్చు, కానీ కాన్పు, జబ్బు సంగతులు వచ్చేసరికి లంబాడీలోకి వెళ్లిపోతారు. నాలుగో తరగతి చదివే ఒక చురుకైన పాప నాకు వాళ్ల మాటలు తెలుగులో చెబుతోంది. ఆ పాప లేకపోతే నాకు పని నడవదు. వీళ్లు నన్ను నమ్మాలంటే ఏం చేయాలి?
– ఒక అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు అడగని దానికి ముందు జవాబు చెబుతాను. రేపటి నుంచి ఆ పాపను ఆ పనికి పిలవకండి.

ఇరవై ఏళ్ల పైమాట. మీ దేవరకొండ వైపే ఒక తండాలో, కాన్పయి ఆరు రోజులైన తల్లిని చూడబోయాను. అప్పటికి నాకు లంబాడీ రాదు. ఆమె బిడ్డ వైపు చూడకుండా, పేట్యా (లంబాడీ పావడా) మీద సగం ఊడిన అద్దాన్ని గోటితో గీకుతూ కూర్చుంది. తొమ్మిదేళ్ల పెద్ద కూతురిని పక్కన నిలబెట్టుకుని, ‘పాలు ఇస్తోందా, అడుగు’ అన్నాను. తల్లి చాలాసేపు మాట్లాడింది. పిల్ల కాసేపు ఊరుకుని, ‘మళ్లీ ఆడపిల్లే పుట్టింది, ఇంట్లో ఉంచుకోము, ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తాము అంటోంది’ అని చెప్పి నా ముఖంలోకి చూసింది. ఆ ఇంట్లో మొదటి ఆడపిల్ల తనే. ఆడపిల్ల అక్కర్లేదన్న మాటను ఆ పిల్ల నోటితోనే చెప్పించాను. ఇప్పటికీ ఆ చూపు నన్ను వదలలేదు.

మర్నాడు ఆ తల్లి నమ్మే ఒక పెద్దామెను వెంటబెట్టుకుని వెళ్లాను, పిల్లలను బయటికి పంపి కూర్చున్నాం. అప్పుడు గానీ కట్నం మాట బయటికి రాలేదు. తండాల్లో ఒకప్పుడు మగపెళ్లివారే ఓలి ఇచ్చి పిల్లను చేసుకునేవారు. కట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, అంటే మన నుంచి, అక్కడికి వెళ్లింది. దేవరకొండ తండాల్లో ఆడశిశువుల అమ్మకాల గురించి పత్రికల్లో చదివి వాళ్లను తప్పుపట్టేవారు ఈ సంగతి మరిచిపోతారు. అయిదారు సార్లు వెళ్లాక ఆ బిడ్డ ఆ ఇంట్లోనే నిలిచింది. మీకు అలాంటి మాట వినబడితే పోలీసు పేరు చెప్పి బెదిరించకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. నిజంగా పెంచలేని తల్లిదండ్రులు బిడ్డను బాలల సంక్షేమ సమితికి అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలల గడువు ఇస్తుంది. ఈ దారి ఉందని తెలియకనే చాలామంది దళారుల చేతిలో పడ్డారు.

మరి దుభాషి ఎవరు? మీ ఆయమ్మ తండా మనిషే అయి ఉంటుంది. అయితే ఆమె ఆ ఇంటికి దాయాదా, ఇరు ఇళ్లకూ మాటలున్నాయా అన్నది ముందే కనుక్కోండి. అంతకంటే మంచిది, ‘ఎవరిని పక్కన కూర్చోబెట్టుకుందాం?’ అని ఆ తల్లినే అడగడం.

పిల్లలు మందకొడి అన్న మాట నాకు కోపం తెప్పించింది. మూడేళ్ల పిల్లవాడు ఇంట్లో ఒక్కసారీ వినని భాషలో ‘ఇది ఏ రంగు?’ అని అడిగితే ఏం చెబుతాడు? ఒంటికి వెళ్లాలని అడిగే మాట తెలియక పొద్దంతా బిగబట్టుకుని, చివరికి చాప తడిపి, తలవంచుకుని కూర్చున్న పిల్లవాణ్ని నేను చూశాను. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ తమ మాతృభాష అని దేశంలో 32 లక్షల మందికి పైగా చెప్పారు. ఆ లెక్కను హిందీ కింద కలిపేశారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. ఎవరైనా అడిగితే ఆ అధికరణం సంఖ్య చెప్పండి.

ఆయమ్మ దగ్గర కూర్చుని మాటలు రాసుకోండి. యాడి (అమ్మ), బా (నాన్న), బాటి (రొట్టె), పాణి (నీళ్లు) మీకు ఈపాటికే తెలిసి ఉంటాయి. ఆకలి, నొప్పి, భయం, ఒంటికి, అమ్మ ఎప్పుడొస్తుంది, ఇవి ముందు కావాలి. తెలుగు లిపిలోనే రాసుకోండి, ఆ భాషకు సొంత లిపి లేదు.

నమ్మకానికి భాష ఒక్కటే చాలదు. అమ్రాబాద్ అడవిలో చెంచులు మాట్లాడేది తెలుగే, అక్కడా మొదట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఎండెక్కాక పెంటకు, అంటే చెంచుల గూడేనికి, చేరేదాన్ని, అప్పటికి అందరూ తేనెకో జిగురుకో వెళ్లిపోయేవారు. ఖాళీ గుడిసెలు చూసి ‘సహకరించడం లేదు’ అని రిజిస్టరులో రాశాను. తప్పు నా వేళది. మీ తండాలోనూ కూలికి వెళ్లినవారు తిరిగొచ్చే వేళ తెలుసుకుని, ఆ సాయంత్రాలు రిజిస్టరు లేకుండా వెళ్లి కూర్చోండి.

ఆ పాప అలవాటు కొద్దీ రేపూ వస్తుంది. రావద్దనకండి. కాన్పు మాటలు, కన్నీళ్ల మాటలు వచ్చేటప్పుడు మాత్రం బయట ఆడుకోమనండి. మిగతా వేళ తీజ్ పండుగ పాట ఒకటి మీకు నేర్పమని అడగండి. మీరు తప్పు పలికితే పద్దెనిమిది మందీ నవ్వుతారు, నవ్వనివ్వండి.