పెదవి బుడగ ఒక్కటే కోసి ఊరుకోకు, అమ్మడూ

అమ్మడూ,

పర్లాకిమిడిలో క్లినిక్ తెరిచి నెల తిరక్కుండానే పెదవి బుడగల కేసులు మూడొచ్చాయని, అందులో పాతపట్నం కుర్రాడికి ఇంకెక్కడో రెండుసార్లు సూదితో గుచ్చి తీసినా మళ్లీ ఊరిందని రాశావు. ఊరక ఏమవుతుంది? గుచ్చితే పోయేది జిగురే, దాన్ని ఊరించే గింజ, అదే చిన్న లాలాజల గ్రంథి, కిందే ఉందిగా.

వాడు పరీక్షల టెన్షన్‌లో కింది పెదవి కొరుక్కుని ఉంటాడు. చిన్న లాలాజల గ్రంథి నాళం తెగితే, నోట్లోకి రావాల్సిన జిగురు లోపలి కణజాలంలోకి ఇంకుతుంది. మాక్రోఫేజ్‌లు అనే శుభ్రం చేసే కణాలు వచ్చి దాన్ని మింగి నురగలా ఉబ్బుతాయి, చుట్టూ గాయం మాన్పే గ్రాన్యులేషన్ కణజాలం గోడ కడుతుంది. ఆ గోడకి లోపల ఎపిథీలియం (పైపూత కణాల) పొర ఉండదు, అంటే అది దొంగ తిత్తి. నాళం మూసుకుపోయి ఉబ్బే రకానికి ఆ పొర ఉంటుంది గానీ కింది పెదవిలో అది తక్కువ.

బరంపురంలో 30 ఏళ్లు స్లైడ్లు చూసినవాణ్ని, నేను ముందు వెతికేది బుడగని కాదు, పక్కనున్న గ్రంథిని. బాగున్న గ్రంథి లేత రంగు ద్రాక్షగుత్తిలా నిండుగా ఉంటుంది. మ్యూకోసీల్, అంటే ఈ జిగురు బుడగ, పక్కది అలా ఉండదు, నాళాలు వెడల్పై, లోపల జిగురు నిలవుండి, జిగురు తయారుచేసే ఆసినై గుత్తులు కుంచించుకుపోయి, మధ్యమధ్య లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు లాంటి వాపు కణాలు చేరి కనిపిస్తుంది. మరీ పాతదైతే ఆసినై పోయి పీచు కణజాలం మిగులుతుంది, అందులో అక్కడక్కడా నాళాలు, వరి కోసిన చేలో కొయ్యకాళ్లలా. రిపోర్టులో క్రానిక్ సైయలడెనైటిస్ (లాలాజల గ్రంథి దీర్ఘకాలపు వాపు) అని చూసి కంగారు పడకు, అది వేరే జబ్బేం కాదు, దారి మూసుకుపోయిన గ్రంథి పడ్డ పాట్లు.

కోసేటప్పుడు పెదవిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి తిరగేసి పట్టించు, రక్తం కూడా తగ్గుతుంది. బుడగ తీయగానే కోత అంచుల్లోంచి సగ్గుబియ్యం గింజల్లా గ్రంథులు పైకి ఉబుకుతాయి, వాటినీ తీసెయ్. కుట్టు సూది వాటిలోంచి పోయిందంటే ఇంకో బుడగని మనమే పెట్టినట్టు. అలాగని లోతుగా కెలక్కు, కింది పెదవికి స్పర్శనిచ్చే మెంటల్ నరం కొమ్మలుంటాయి, పెదవి మొద్దుబారితే పేషెంట్ నిన్నే అంటాడు.

కోసిన ముక్కని ల్యాబ్‌కి తప్పకుండా పంపు. ఒకసారి మాకు దగ్గుమందు సీసాలో వచ్చింది, సన్న మూతి, లోపల కుళ్లకుండా పోసే ఫార్మలిన్‌లో ముక్క గట్టిపడి కూర్చుంది, సీసా పగలగొట్టి తీశాం! వెడల్పు మూతి డబ్బా, ముక్కకి కనీసం పదింతల ఫార్మలిన్. ఫారంలో ఊరికే పెదవి అని రాయకు. పైదా కిందిదా రాయి, ఎందుకంటే పై పెదవిలో గడ్డంటే మేం మ్యూకోసీల్ కన్నా ముందు గ్రంథి కణితిని అనుమానిస్తాం. తక్కువ గ్రేడు మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా అనే లాలాజల గ్రంథి క్యాన్సర్ కూడా పైకి అచ్చం బుడగలాగే కనబడగలదు. ఇది మాత్రం పేషెంట్‌తో ముందే అని భయపెట్టకు, తెలుగులో అయినా ఒడియాలో అయినా.

ఆ పాతపట్నం కుర్రాడి స్లైడ్ రాగానే ఇటు పట్రా, నా పాత మైక్రోస్కోప్ ఇంకా పనిచేస్తోంది.

మీ మావయ్య